చలిలో సైకిల్, చేలో చామంతులు: ఓర్పు ఎవరి కోసం?



ధనుర్మాసం మొదలైతే తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తుంది. మన ఛానల్లో కూడా ఈ నెల రోజులూ తెల్లవారుజామున పాశురాల వీడియోలే వస్తాయి. పాశురాల అర్థం వీడియోల్లో ఎలాగూ చెప్పుకుంటున్నాం కాబట్టి, ఇక్కడ ఈ నెలతో పాటు వచ్చే చలి గురించి ఒక ధర్మసందేహం తీసుకుందాం.

సందేహం ఇది. చలినీ ఎండనీ సమానంగా ఓర్చుకోవడం గొప్ప గుణమని మన శాస్త్రాలన్నీ చెబుతాయి. సరే. మరి చలిలో వణుకుతూ పని చేసుకునే మనిషిని చూసినప్పుడు "ఓర్చుకుంటున్నారు కదా, మంచిదే" అనుకుని మన దారిన మనం వెళ్లిపోవచ్చా? ఓర్చుకోవడం పుణ్యమైతే, ఆ పుణ్యానికి మనం అడ్డుపడటం ఎందుకు?

వినడానికి వితండవాదంలా ఉంటుంది కానీ, మనలో చాలామందిమి రోజూ చేసేది ఇదే. ఇంత సూటిగా అనం, అంతే.

అనంతగిరి దారిలో

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురుపడలేదు. సైకిల్ మీద ఎదురుపడింది.

చలికాలం వస్తే మా ఆఫీసులో కొందరం ఆదివారాలు సైకిళ్లు తీసుకుని ఊరు దాటి వెళ్తుంటాం. ధనుర్మాసంలో వచ్చిన మొదటి ఆదివారం వికారాబాద్ దగ్గరున్న అనంతగిరికి వెళ్దామనుకున్నాం. అక్కడ అనంత పద్మనాభస్వామి గుడి ఉంది. మార్కండేయ మహర్షి తపస్సు చేసిన చోటని స్థలపురాణం. హైదరాబాద్‌లో మనం చూసే మూసీ నది పుట్టేది కూడా ఆ కొండల్లోనే. నానక్‌రామ్‌గూడ నుంచి సుమారు 75, 80 కిలోమీటర్లు ఉంటుంది.

ముగ్గురం నాలుగున్నరకే బయలుదేరాం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, దాని మీద అప్పా జంక్షన్ దాకా హాయిగా వెళ్లొచ్చు. అక్కడి నుంచి బీజాపూర్ రోడ్డు. మొయినాబాద్ దగ్గర ఫోన్ చూస్తే 10 డిగ్రీలు. చేతివేళ్లు, చెవులు ముందు తిమ్మిరెక్కాయి. ఆ దారిలో రోడ్డుకి రెండు పక్కలా పాతకాలపు మర్రిచెట్లు వందల్లో ఉన్నాయి. చీకట్లో వాటి కిందకి వెళ్లేసరికి గుడి మండపంలోకి అడుగుపెట్టినట్టే ఉంటుంది. చెట్టు దాటగానే మళ్లీ మంచు. ఇంకా ముందుకు వికారాబాద్ వైపు వెళ్తే కంది చేలు కాయ మీద ఉంటాయి. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, ఆ పంట ఈ జిల్లాదే. రోడ్డు పక్కన అనపకాయలు, రేగుపళ్లు కుప్పలు పోసి అమ్ముతుంటారు. ఇవన్నీ కారులో వెళ్తే అద్దం బయట జరిగిపోతాయి. సైకిల్ మీద వెళ్తే వాసనతో సహా మన మీదికొస్తాయి. నాకు ఇది ఎంతో ఇష్టమైన ఆనందం, దాచుకోవడానికేమీ లేదు.

చేవెళ్ల దాటాక ఒక చిన్న టీ కొట్టు దగ్గర ఆగాం. అప్పుడప్పుడే వెలుతురు వస్తోంది. రోడ్డుకి అవతల చామంతి తోట. నలుగురు ఆడవాళ్లు తలకి తువ్వాళ్లు చుట్టుకుని, నడుముకి సంచులు కట్టుకుని పూలు తెంపుతున్నారు. మంచుకి తడిసిన పూలు, తడిసిన చీర కుచ్చిళ్లు, వట్టి చేతులు. నాకు రెండు పొరల గ్లౌజులున్నా బ్రేకు పట్టుకోవడానికి వేళ్లు వంగట్లేదు.

నేను అటే చూస్తున్నానని మా కొలీగ్ గమనించాడు. మంచివాడే, ఆఫీసులో ఎవరికి ఏ అవసరమొచ్చినా ముందుండే మనిషి. మామూలుగానే అన్నాడు: "వాళ్లకి అలవాటేలే. మనకే ఈ జాకెట్లూ గ్లౌజులూ."

కాసేపటికి వాళ్లలో పెద్దావిడ టీ కోసం ఇటు వచ్చింది. "చలి పెట్టట్లేదా అమ్మా?" అని అడిగాను.

"పెట్టకేంది బిడ్డా? చలి అందరికీ ఒక్కతీరే పెడ్తది. పెడ్తదని పూలు ఆగుతయా?"

"అలవాటే" అనే మాట

ఆవిడ మాట, మా కొలీగ్ మాట పక్కపక్కన పెట్టి చూడండి. అలవాటు అనే మాటలో నిజం కొంత ఉంది. రోజూ చలిలో పని చేసే శరీరం కొంత సర్దుకుంటుంది. కానీ చలి మాత్రం తగ్గదు. నొప్పి గురించి మాట్లాడటం తగ్గుతుంది. మనం ఆ మౌనాన్ని చూసి నొప్పే లేదనుకుంటాం.

ఈ మాట మనం ఎవరి గురించి అంటామో ఒకసారి లెక్క వేసుకుందాం. తెల్లారకముందే రోడ్లు ఊడ్చేవాళ్లు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో రాత్రంతా కూర్చునే వాచ్‌మన్, పాలు, పేపరు వేసే పిల్లలు, రాత్రి పదకొండు గంటలకి బండి మీద మన బిర్యానీ తెచ్చే కుర్రాడు. మన పిల్లాడు స్వెటర్ లేకుండా బాల్కనీలోకి వస్తే "అలవాటవుతుందిలే" అనం. లోపలికి లాగి తలుపేస్తాం.

అంటే "అలవాటే" అనేది వాళ్ల శరీరం గురించి చెప్పే మాట కాదు. వాళ్లకీ మనకీ మధ్య ఉన్న దూరం గురించి చెప్పే మాట.

తితిక్ష అంటే

చలికి, ఎండకి ఓర్చుకునే గుణాన్ని శాస్త్రంలో తితిక్ష అంటారు. వేదాంతం చదువుకోవాలనుకునే వాడికి ఉండాల్సిన ఆరు సంపదల్లో ఇదొకటి. శమం, దమం, ఉపరతి, తితిక్ష, శ్రద్ధ, సమాధానం. శంకరాచార్యుల పేరుతో ఉన్న వివేకచూడామణి తితిక్షకి ఇచ్చే వివరణ చాలా కఠినంగా ఉంటుంది. వచ్చిన బాధకి విరుగుడు వెతుక్కోకుండా, దాని గురించి దిగులు పడకుండా, ఏడవకుండా భరించడం.

భగవద్గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పే మొదటి పాఠాల్లో ఇదీ ఉంది. ఇంద్రియాలు విషయాలతో కలిసినప్పుడు చలి, వేడి, సుఖం, దుఃఖం పుడతాయి. అవి వస్తాయి, పోతాయి, నిలవవు. ఓర్చుకో అంటాడు.

సైకిల్ తొక్కేవాళ్లకి ఈ మాట ఎంత నిజమో తేలిగ్గా తెలుస్తుంది. ఇంజనీరింగ్ చదివిన బుద్ధి కాబట్టి ఒక చిన్న లెక్క చెప్తాను. గాలి వేగాన్ని బట్టి చలి ఎంత ఎక్కువగా తగులుతుందో చెప్పడానికి అమెరికా, కెనడా వాతావరణ శాఖలు వాడే సూత్రం ఒకటుంది. దాని ప్రకారం గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీలుండి, గంటకి 20 కిలోమీటర్ల వేగంతో గాలి తగిలితే ఒంటికి 7 డిగ్రీల చలిలా ఉంటుంది. నిశ్చలమైన ఉదయం సైకిల్ మీద 20 వేగంతో వెళ్తే ఆ గాలిని పుట్టించేది మనమే. ఆగితే ఆ 3 డిగ్రీల చలీ ఆగిపోతుంది. స్పర్శ వల్లే శీతోష్ణాలు అని గీత అన్నదానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలీదు.

రెండో సంగతి. సైకిల్ తొక్కేటప్పుడు మన కండరాలు ఖర్చు చేసే శక్తిలో చక్రం తిప్పడానికి వెళ్లేది దాదాపు నాలుగో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. మిగతాదంతా వేడిగా మారుతుంది. అందుకే అనుభవం ఉన్న రైడర్లు "బయలుదేరేటప్పుడు కొంచెం చలి వేస్తూ ఉండాలి" అంటారు. అప్పుడే వెచ్చగా ఉండేలా బట్టలు వేసుకుంటే అరగంటకి చెమటతో తడిసి, ఆ తడితో మళ్లీ వణుకు వస్తుంది. మొదటి పది పదిహేను నిమిషాలు చలికి ఓర్చుకుంటే వెచ్చదనం లోపలి నుంచే వస్తుంది. చలి వచ్చింది, పోయింది. కృష్ణుడు చెప్పినట్టే జరిగింది.

కాబట్టి తితిక్ష నిజమైన గుణమే. మొదటి పావుగంటకే వెనక్కి తిరిగేవాడికి అనంతగిరి దర్శనం ఉండదు. చదువైనా, సాధనైనా, సంసారమైనా అంతే. ఇందులో సందేహం లేదు.

నేను ఎంచుకున్న చలి, ఆవిడ ఎంచుకోని చలి

అయితే నా చలికీ ఆ పూల తోటలో చలికీ ఒక పెద్ద తేడా ఉంది. నా చలికి గడువు ఉంది. బాగా ఇబ్బందైతే ఫోన్ తీసి క్యాబ్ పిలుస్తాను, సైకిల్ వెనక పెట్టుకుని ఇంటికి వచ్చేస్తాను. ఇంటికి రాగానే గీజర్ వేడినీళ్లు. పైగా ఆ చలి నాకు ఒక గొప్ప. యాప్‌లో రైడ్ పెడితే నలుగురు మెచ్చుకుంటారు.

గీత పదిహేడో అధ్యాయంలో తపస్సుని మూడు రకాలుగా విడదీస్తాడు కృష్ణుడు. గౌరవం కోసం, పొగడ్త కోసం, ఆడంబరంగా చేసేది రాజసమైన తపస్సు, అది నిలకడ లేనిదని చెబుతాడు. మొండితనంతో ఒంటిని హింస పెట్టుకునేది తామసం. చలిలో 80 కిలోమీటర్లు తొక్కడం దానంతట అదే సాత్వికమైపోదు. యాప్ ఆన్ చేయడం మర్చిపోయిన రోజు "అయ్యో, రైడ్ వేస్ట్ అయ్యింది" అని బాధేసే వాళ్లు మా గుంపులోనే ఉన్నారు. అది తప్పని అనను, సరదా సరదానే. దాన్ని తపస్సు అనకపోతే చాలు.

ఆవిడ చలికి గడువు లేదు. రేపూ పూలు కోయాలి, ఎల్లుండీ కోయాలి. మెచ్చుకునే యాప్ లేదు. ఆమాటకొస్తే తితిక్షకి వివేకచూడామణి చెప్పిన లక్షణాలు మా ముగ్గురిలో కన్నా ఆవిడలోనే ఎక్కువ కనిపించాయి. ఏడుపు లేదు, దిగులు లేదు. చలి పెడుతుందని ఒప్పుకుంది కూడా. పెట్టట్లేదని బింకానికి పోలేదు.

సరిగ్గా ఇక్కడే మొదటి ప్రశ్న మళ్లీ వస్తుంది. ఆవిడలో అంత గొప్ప గుణం ఉంటే, దణ్ణం పెట్టి వచ్చేస్తే సరిపోదా?

ఒకే కృష్ణుడు, రెండు జవాబులు

దీనికి జవాబు కృష్ణుడి దగ్గరే దొరుకుతుంది. కురుక్షేత్రంలో అర్జునుడితో "శీతోష్ణాలు వస్తాయి పోతాయి, ఓర్చుకో" అన్నాడు. అదే కృష్ణుడు చిన్నప్పుడు గోకులంలో ఏం చేశాడు? భాగవతం దశమస్కంధంలో గోవర్ధనోద్ధరణ కథ మనందరికీ తెలుసు. యాగం ఆగిపోయిందని ఇంద్రుడు కోపించి రాళ్లవాన కురిపించాడు. ఆవులు వణికిపోయాయి. గోపకులు, గోపికలు చలికి బాధపడుతూ కృష్ణుడిని శరణు వేడారని భాగవతం స్పష్టంగా చెబుతుంది. గమనించండి, అక్కడున్నది కూడా చలే.

అప్పుడు కృష్ణుడు వాళ్లకి వేదాంతం చెప్పలేదు. "చలి అనిత్యం, మీరు పల్లెవాళ్లు, మీకు అలవాటే" అనలేదు. కొండ ఎత్తి గొడుగు పట్టాడు. ఏడు రోజులు కదలకుండా నిలబడ్డాడు. మనుషులతో పాటు ఆవులకీ, దూడలకీ చోటిచ్చాడు.

మరి అర్జునుడికి మాత్రం ఓర్చుకోమని ఎందుకు చెప్పాడు? అర్జునుడు చేయాల్సిన పని అర్జునుడిది. దాన్ని వదిలేసి పారిపోకుండా నిలబెట్టడానికి ఆ మాట అవసరమైంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మాట చెప్పినప్పుడు కృష్ణుడు ఎక్కడున్నాడు? ఎక్కడో వెచ్చగా అంతఃపురంలో కూర్చుని కబురు పంపలేదు. అదే రథం మీద, అర్జునుడి కన్నా ముందు, పగ్గాలు పట్టుకుని కూర్చున్నాడు. అర్జునుడి మీదికి వచ్చే బాణం ముందు ఆయన్ని దాటుకునే రావాలి. "ఓర్చుకో" అని ఇంకొకరికి చెప్పే అర్హత అలాంటి వాడిది.

నాకు అర్థమైనంతలో ధర్మం ఇది. తితిక్ష మన మీద మనం ప్రయోగించుకోవాల్సిన గుణం. ఎదుటివాళ్ల బాధ దగ్గరికి వచ్చేసరికి మన ధర్మం పేరు మారుతుంది, అది దయ అవుతుంది. ఓర్పుని మన దగ్గరుంచుకుంటే సాధన. దాన్నే తీసుకెళ్లి ఇంకొకరి నెత్తిన పెడితే క్రౌర్యం. మాట ఒకటే, చోటు మారితే విలువ తలకిందులవుతుంది.

గీత పన్నెండో అధ్యాయంలో భక్తుడి లక్షణాలు చెప్పిన వరస చూసినా ఇదే కనిపిస్తుంది. ఏ ప్రాణినీ ద్వేషించకపోవడం, స్నేహం, కరుణ పదమూడో శ్లోకంలోనే వస్తాయి. చలికీ వేడికీ సమంగా ఉండటం పద్దెనిమిదో శ్లోకంలో వస్తుంది. కరుణ ముందు, చలిని ఓర్చుకోవడం తర్వాత. రెండూ ఒకే భక్తుడిలో ఉండాలి. మొదటిది లేకుండా రెండోది మాత్రమే ఉంటే రాయికీ మనిషికీ తేడా ఏముంటుంది? రాయి కూడా చలికి చలించదు.

చలి నేర్పే పాఠం

మరైతే నాలాంటి వాళ్లు కావాలని చలిలోకి వెళ్లడానికి విలువేమీ లేదా? ఉందనే అనుకుంటున్నాను.

గీత ఆరో అధ్యాయంలో పరమయోగి ఎవరో చెబుతూ, అందరి సుఖదుఃఖాలనీ తనతో పోల్చుకుని చూసేవాడు అంటాడు కృష్ణుడు. దీన్నే ఆత్మౌపమ్యం అంటారు. తనతో పోల్చుకోవాలంటే తనకి కొంచెమైనా తెలిసి ఉండాలి కదా. హీటర్ ఉన్న కారులో వెళ్లేవాడికి ఆ తోటలో కనిపించేది అందమైన దృశ్యం. మంచు, పసుపుపచ్చ పూలు, ఫోటో బాగా వస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కిన వాడికి అదే తోటలో ముందు కనిపించేది వట్టి చేతులు. ఏకాదశి ఉపవాసం ఉన్నరోజు ఆకలి గురించి తెలిసినట్టు, చలిలో తిరిగిన రోజు చలి గురించి తెలుస్తుంది. మనం ఎంచుకున్న కష్టానికి నిజమైన ఫలం ఇదే. ఎదుటివాళ్ల కష్టం మనకి అర్థమయ్యే భాష అవుతుంది.

కావాలని పడిన కష్టం మనల్ని రెండు వైపులకి తీసుకెళ్లగలదు. "నేను ఓర్చుకున్నాను, వాళ్లెందుకు ఓర్చుకోలేరు?" అనే వైపు ఒకటి. "నాకే ఇలా ఉంటే వాళ్లకెలా ఉంటుంది?" అనే వైపు ఇంకొకటి. మన ఉపవాసం, మన దీక్ష, మన కాలినడక ఏ వైపు తీసుకెళ్తున్నాయో చూసుకుంటే అది ఏ రకం తపస్సో మనకే తెలిసిపోతుంది.

జాలి వేరు, దయ వేరు

టీ తాగుతూ ఆ పెద్దావిడ మాతో ఇంకాసేపు మాట్లాడింది. తోట వాళ్లదేనట, మిగతా ముగ్గురూ చుట్టుపక్కల వాళ్లు. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్తాయట. ధనుర్మాసంలో పెళ్లి ముహూర్తాలుండవు కాబట్టి గిరాకీ పడిపోతుందని, మళ్లీ సంక్రాంతికి లేస్తుందని చెప్పింది. మనం దేవుడి నెల అనుకునే నెల వాళ్లకి బేరాలు తగ్గే నెల అన్నమాట. మా కొలీగ్ తన గ్లౌజులు తీసి ఇవ్వబోయాడు. ఆవిడ నవ్వింది.

"గవి ఏసుకుని పూలు తెంపొస్తదా బిడ్డా? నీకే ఉంచుకో. మీ పట్నంల పూలు కొనేటప్పుడు గీసి గీసి బేరం చెయ్యకుండ్రి, గది చాలు."

ఈ మాటలో జాలికీ దయకీ ఉన్న తేడా అంతా ఉంది. జాలి పైనుంచి కిందకి చూస్తుంది, మనకి ఏది ఇవ్వాలనిపిస్తే అది ఇస్తుంది. దయ పక్కన నిలబడి, వాళ్లకి ఏది కావాలో అడుగుతుంది. ఆవిడకి కావాల్సింది గ్లౌజులు కాదు, న్యాయమైన ధర. ఓర్పు ఆవిడ దగ్గర కావాల్సినంత ఉంది, మనం నేర్పక్కర్లేదు.

భక్తులమైన మనకి ఇది ఇంకా దగ్గరి విషయం. పొద్దున్నే స్నానం చేసి స్వామికి పెట్టే చామంతి ఎవరో వణుకుతున్న చేత్తో తెంపినది. పుష్పం భక్తితో ఇస్తే చాలు అంటాడు భగవంతుడు. ఆ పువ్వు దగ్గర మూరకి ఐదు రూపాయలు తగ్గించమని పావుగంట వాదించి, అదే చేత్తో అర్చన చేస్తే, భక్తి పువ్వులో ఉన్నట్టా, మిగిల్చిన ఐదు రూపాయల్లో ఉన్నట్టా?

గోదాదేవి చేసిన వ్రతం

తిరుప్పావై రెండో పాశురంలో వ్రత నియమాలుంటాయి. వీడియోలో విన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజామునే స్నానం, నెయ్యి తినకపోవడం, పాలు తాగకపోవడం, కాటుక పెట్టుకోకపోవడం, జడలో పూలు ముడుచుకోకపోవడం. ఇవన్నీ ఎవరికి వారు పెట్టుకున్న నియమాలు, అంటే తితిక్ష. అదే పాశురంలో చాడీలు చెప్పకపోవడం, అడిగినవాళ్లకి చేతనైనంత దానం చేయడం కూడా ఉన్నాయి. అంటే దయ. గోదాదేవి రెండింటినీ ఒకే వ్రతంలో కట్టింది. తనకి నెయ్యి లేదు, ఎదుటివాళ్లకి మాత్రం లేదనలేదు.

ఇరవై ఏడో పాశురానికి వచ్చేసరికి వ్రతం పండుతుంది. మానేసిన పాలూ నెయ్యీ అప్పుడు తిరిగి వస్తాయి. నెయ్యి మోచేతి దాకా కారేలా పాయసాన్నం చేసుకుని అందరూ కలిసి కూర్చుని తినడం అక్కడ వర్ణన. గుళ్లలో కూడారై పేరుతో చేసే పండుగ ఇదే. చలిలో మొదలైన వ్రతం ఒంటరి గొప్పతో ముగియలేదు, పంక్తి భోజనంతో ముగిసింది. కాబట్టి ఆనందం తప్పు కాదు. చలికాలం ఉదయం మర్రిచెట్ల కింద సైకిల్ తొక్కే ఆనందం కూడా తప్పు కాదు. పంక్తిలో ఇంకొకరికి చోటుందా లేదా అనేదే చూసుకోవాలి.

ఈ నెలలో మనం చేయగలిగినవి

పెద్ద పనులేమీ అక్కర్లేదు. ఎవరికి వీలైనది వాళ్లు చేయొచ్చు.

1. పూజకి పూలు కొనేటప్పుడు బేరం మానేద్దాం. నెల రోజులకి కలిపినా మనకి పెద్దగా తేడా రాదు. రోడ్డు పక్కన రైతే నేరుగా అమ్ముతుంటే అక్కడే కొందాం.

2. మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి రాత్రిపూట గాలి తగలకుండా ఏర్పాటు ఉందో లేదో చూద్దాం. పైన లెక్కలో చూశాం కదా, గాలికి అడ్డం ఉంటేనే చలి సగం తగ్గినట్టుంటుంది. అసోసియేషన్ మీటింగులో ఒక్కరు అడిగితే చాలు.

3. సంక్రాంతికి కంబళి దానం మనకి ఉన్న సంప్రదాయమే. ఇచ్చేది మనం కప్పుకోగలిగే కంబళి అయ్యుండాలి. ఇచ్చేటప్పుడు ఫోన్ జేబులోనే ఉండాలి. మెప్పు కోసం చేసే తపస్సుకి చెప్పిందే మెప్పు కోసం చేసే దానానికీ వర్తిస్తుంది.

4. ఇవ్వబోయే ముందు అడుగుదాం. గ్లౌజులు కావాలో, వేడి టీ కావాలో, సరైన కూలి కావాలో వాళ్లకే బాగా తెలుసు.

5. "అలవాటే" అనే మాట నోటిదాకా వస్తే, అది మన పిల్లల గురించైతే అనగలమా అని ఒక్క క్షణం ఆలోచిద్దాం.

6. చలి మన వంతుకి వచ్చినప్పుడు మాత్రం ఓర్చుకుందాం. తెల్లవారుజామున లేవడానికి బద్ధకం వేసినప్పుడు, చన్నీళ్లు చూసి వెనకడుగు వేసినప్పుడు, గీత రెండో అధ్యాయం అప్పుడు తెరవాలి.

చల్లగా ఉండండి

మన భాషలో ఒక అందమైన సంగతి ఉంది. మన పెద్దవాళ్లు దీవించేటప్పుడు "చల్లగా ఉండు" అంటారు. ఎండలు మండే నేల కాబట్టి చల్లదనమే మనకి సుఖం, శుభం. కడుపు చల్లగా ఉండాలంటాం, చల్లని చూపు అంటాం, చల్లని తల్లి అంటాం. చలి కూడా ఆ మాటకి చుట్టమే. కప్పుకోవడానికి ఉన్నవాడికి చల్లదనం దీవెన. లేనివాడికి అదే చలి. రెండింటి మధ్య ఉన్న తేడా చాలాసార్లు ఒక దుప్పటంతే, పూలకిచ్చే ఒక సరైన ధరంతే.

ఈ ధనుర్మాసంలో ఆ రంగనాథుడు మన చలికి తట్టుకునే ఓర్పుని మనకీ, ఎదుటివారి చలిని చూసే కన్నునీ ఇవ్వాలని కోరుకుందాం. మీరూ, మీ ఇల్లూ, మీ గుమ్మం దాకా పూలు తెచ్చే చేతులూ అందరూ చల్లగా ఉండాలి.

శుభం.
జై శ్రీమన్నారాయణ.